తాళంచెవి ఎడమ చెయ్యి

ఈ భూమ్మీద తెరుచుకోనని మొండికేసిన తలుపు ఇంకా ఏదైనా ఉందంటే, దానికి తాళంచెవి అనే మనిషి ఎదురుపడలేదన్నమాట. ఒకసారి ఆయన బ్యాంకు ముందునుంచి నడిచి వెళ్తుంటే లోపలి ఇనప్పెట్టె సిగ్గుపడి దానంతటదే తెరుచుకుందనీ, మేనేజరు బయటికి పరిగెత్తుకొచ్చి "అయ్యా, రేపట్నుంచి అవతలి వైపు నడుద్దురూ" అని బతిమాలుకున్నాడనీ చెబుతారు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన్ని చూడగానే డాక్టరే నోరు తెరిచాడట. లిఫ్టులు సరేసరి. మెట్ల మీద ఆయన అడుగు వినబడితే చాలు, పై అంతస్తులో లిఫ్టు తలుపు తీసుకుని నిలబడుతుంది.

ఇక నిజం చెప్పుకుందాం. నిజమంటే, పైన చెప్పినదానికంటే ఓ పిసరు తక్కువ అబద్ధం.

ఆయన ఉద్యోగం కార్లు గుద్దించే చోట. కొత్త కారు బజారులోకి రాకముందే దాన్ని పట్టుకెళ్ళి కావాలని గోడకేసి కొట్టి, లోపల కూర్చున్నవాళ్ళకి ఏమైందో చూసే పెద్ద షెడ్డు అది. షెడ్డు పొడవునా నేలలో ఒక సన్నని గాడి. ఆ గాడిలో ఉక్కు తీగ. ఆ తీగ కారుని లాక్కుపోయి చివర ఉన్న దిమ్మ మీద పడేస్తుంది. దిమ్మ మొహానికి తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉన్న అల్యూమినియం పలక కట్టి ఉంటుంది. ఎదురుగా వచ్చే మరో కారు మొహం ఎంత మెత్తగా ఉంటుందో ఆ పలకా అంతే మెత్తగా నలుగుతుంది. పైన దీపాలు ఎంత కాంతిగా ఉంటాయంటే, వాటి కింద నిలబడితే మన జేబులో ఏముందో పక్కవాడికి కనబడుతుందని షెడ్డులో ఓ వేళాకోళం.

కార్లో కూర్చునేవాళ్ళు మనుషులు కారు. మనిషంత ఎత్తూ మనిషంత బరువూ ఉన్న రబ్బరు, ఇనుప బొమ్మలు. డ్రైవరు సీట్లో కూర్చునే బొమ్మని షెడ్డులో అందరూ కొత్తల్లుడు అంటారు. ఆయన గారికి ఎండ తగలకూడదు, చలి తగలకూడదు. గది ఎప్పుడూ ఒకే వేడిలో ఉండాలి. ఇద్దరు మనుషులు చెరో చంక పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. మోకాలికీ మోకాలికీ మధ్య ఎంత జాగా ఉందో టేపు పెట్టి కొలవాలి. నుదుటికి ఒక రంగు, ముక్కుకి ఒక రంగు, గడ్డానికి ఒక రంగు పూయాలి, ఆ తర్వాత ఏ రంగు ఎక్కడ అంటుకుందో చూస్తే ఏ భాగం ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఇంత మర్యాద చేసినా నోరు విప్పి ఒక్క మాట అనడు. అందుకే కొత్తల్లుడు.

గుద్దుకోవడం అంతా కలిపి కనురెప్ప వేసినంత సేపు. దాని ముందు రెండు వారాల తయారీ, దాని తర్వాత రెండు వారాల లెక్కలు. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇరవైమంది కంప్యూటర్ల ముందు కూర్చుని కొత్తల్లుడి మెడ ఎంత వంగింది, ఛాతీ ఎంత లోపలికి వెళ్ళింది అని తలలు బద్దలు కొట్టుకుంటారు. వాళ్ళందరికంటే ముందు, పొగ ఇంకా విడవకముందే, మిగతావాళ్ళని ఆపే పసుపు గీత దాటి కారు దగ్గరికి వెళ్ళే మొదటి మనిషి మాత్రం మన తాళంచెవే. పదో తరగతి ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయింది కానీ ఆయన దాన్ని దాటలేదు.

ఆయన పని వినడానికి చాలా చిన్నది. నలిగిన కారు తలుపులు నాలుగూ ఒక్కొక్కటిగా తెరవాలి. ఒక్క చెయ్యి. కాళ్ళు నేల మీద. చేతిలో పనిముట్టు ఉండకూడదు. రోడ్డు మీద నిజంగా ప్రమాదం జరిగితే ముందు పరిగెత్తుకొచ్చేది ఎవరు? కూరగాయలమ్మే ఆవిడో, బడికెళ్ళే టీచరమ్మో. వాళ్ళ చేతికి తలుపు రావాలి. వస్తుందా రాదా అన్నది చూడటానికే ఆ ఉద్యోగం. కాగితం మీద ప్రతి తలుపుకీ మూడు గళ్ళుంటాయి: మామూలుగా తెరుచుకుంది, బలవంతంగా తెరుచుకుంది, పనిముట్టుతో తెరిచాం. గట్టిగా అనిపిస్తే స్ప్రింగు తక్కెడ తగిలించి ఎంత బలం పట్టిందో కొలవాలి కూడా. కానీ తాళంచెవికి ఏ తలుపూ గట్టిగా అనిపించదు కదా. ఆ తక్కెడ బీరువాలో అడుగున పడి, దాని మీద ఎవరిదో గొడుగు, గొడుగు మీద పాత క్యాలెండరు, ఇలా ఓ సంసారమే పెరిగింది.

ఇరవయ్యారేళ్ళు. మామూలుగా, మామూలుగా, మామూలుగా. కొత్తగా చేరినవాళ్ళు ఆయన తలుపు తీస్తుంటే చుట్టూ చేరి చూసేవాళ్ళు. షెడ్డుకి పెద్ద అయిన ఇంజనీరమ్మ, అందరూ పెద్ద మేడమ్ అనే ఆవిడ కూడా, ఎవరైనా చూడటానికి వస్తే "ఈయన మా తాళంచెవి గారు" అని బహువచనంతో పరిచయం చేసేది. ఆయన నవ్వేవాడు కాదు. నవ్వినట్టు కనబడకుండా మీసం సవరించుకునేవాడు.

ఒక శనివారం ఉదయం గుద్దించింది ముదురాకుపచ్చ కారు. ఓ కంపెనీవాళ్ళ కొత్త బండి. టై కట్టుకున్న కంపెనీ మనిషి పైనున్న అద్దాల గదిలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. సైరన్ మోగింది, తీగ లాగింది, కారు వెళ్ళి పడింది. గాలి సంచుల పొడి తెల్లగా లేచింది. తాళంచెవి పసుపు గీత దాటాడు. ముందు తలుపులు రెండూ వచ్చాయి. కుడి వైపు వెనక తలుపూ వచ్చింది. ఎడమ వైపు వెనక తలుపు దగ్గర పిడి పట్టుకోగానే చేతి కింద ఎక్కడో ఓ చిన్న గుటుక్కుమన్న కదలిక తెలిసింది. ఆ మరుక్షణమే తలుపు వచ్చేసింది. ఆయన కాగితం మీద నాలుగో టిక్కు పెట్టాడు. మామూలుగా.

కంపెనీ మనిషి కిందికి దిగొచ్చి చెయ్యి కలిపాడు. "మీ చెయ్యి చల్లగా ఉండాలండీ."

"చెయ్యిదేముంది సార్" అన్నాడు తాళంచెవి, మీసం సవరించుకుంటూ.

తలుపుల నివేదిక సోమవారమే పైకి వెళ్ళాలి. అదీ, తర్వాత మిగతా లెక్కలూ వెళ్తే ఆ కారు అమ్మకానికి వస్తుంది.

ఇప్పుడు ఆయన ఇంటి గురించి చెప్పాలి. తలుపుల మనిషి ఇల్లు కదా, తలుపులు నూనె రాసినట్టు తిరుగుతాయనుకుంటాం. ఆ ఇంట్లో బీరువాలతో కలిపి పదకొండు తలుపులు. ప్రతిదానికీ ఒక అలక. వంటింటి తలుపుని భుజంతో ముట్టుకోవాలి. బట్టల బీరువా తలుపు కింద కాలి బొటనవేలు పెట్టాలి. ఫ్రిజ్జు తలుపుకి ముందు ఒక దెబ్బ, తర్వాత ఒక బుజ్జగింపు. అన్నీ ఆయన చేతికి మాత్రం పిలిచినట్టు పలుకుతాయి. భార్య వడ్రంగిని పిలుద్దామంటే "దేనికీ, బాగానే ఉన్నాయిగా" అనేవాడు. ఆవిడ పోస్టాఫీసులో పనిచేస్తుంది. పొద్దున్నే ఆయన బయల్దేరేలోపు తనకి కావల్సినవన్నీ తెరిపించి పెట్టుకోవడం ఆవిడకి అలవాటైపోయింది.

శనివారం సాయంత్రం భోజనానికి ఆయన బామ్మర్ది వచ్చాడు. ఇతను లైబ్రరీలో పనిచేస్తాడు. జీవితంలో తెరిచిన అన్నింటికంటే బరువైన వస్తువు నిఘంటువు అట్ట. సీసా మూత తీయాలంటే సెలవు పెట్టాల్సిన మనిషి. ఇలాంటివాడు చేతులు కడుక్కోవడానికని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కాసేపటికి లోపల్నుంచి పిలుపు. "బావా."

"ఏంట్రా."

"తలుపు రావట్లేదు."

"వస్తుంది. పిడి పట్టుకుని కాస్త పైకెత్తు."

"ఎత్తాను."

"ఎడమ చెయ్యి పక్క చట్రం మీద ఆనించి తొయ్యి. మోకాలు కింద చెక్కకి తగిలించు. ఇప్పుడు లాగు."

లోపల ఏవో చప్పుళ్ళయ్యాయి. బకెట్టు పడింది.

"బావా, ఇది తలుపు తియ్యడమా, సర్కస్‌లో చేరడమా?"

తాళంచెవి పడీపడీ నవ్వాడు. భార్య గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"నవ్వండి, నవ్వండి. ఆ తలుపు బాగుచేయించమని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను."

"బాగానే ఉంది కదే. నాకొస్తుందిగా."

"మీకొస్తే వచ్చినట్టేనా? మీరు ఇంట్లో లేనప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్ళు ఏం కావాలి?"

లోపల్నుంచి బామ్మర్ది అందుకున్నాడు. "అదే కదక్కా. నాకు దెబ్బ తగల్లేదు. తల తిరగట్లేదు. బావ తలుపవతల నిలబడి పాఠం చెప్తున్నాడు. అయినా రావట్లేదు. ఇక్కడ పొగే వస్తే నా గతేంటి?"

తాళంచెవి నవ్వు సగంలో ఆగిపోయింది. వెళ్ళి తలుపు తీశాడు. ఎప్పటిలాగే పిలిచినట్టు వచ్చింది. బామ్మర్ది తడిసిన చొక్కాతో బయటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. తాళంచెవి మాత్రం అక్కడే నిలబడి తన ఎడమ చేతి వైపు చూస్తున్నాడు. అది ఇంకా చట్రం మీదే ఉంది. దాన్ని అక్కడ పెట్టినట్టు ఆయనకి గుర్తే లేదు.

పొద్దున ఆకుపచ్చ కారు దగ్గర ఎడమ చెయ్యి ఎక్కడుంది? ఎంత ఆలోచించినా తట్టలేదు.

"కూర్చోండి, చల్లారిపోతుంది" అంది భార్య.

"నేను తలుపు ఎలా తీస్తాను?"

"అదేం ప్రశ్న? మీరు తీస్తారు, అది వస్తుంది."

ఆదివారం ఆయన ఇంట్లో ఓ ప్రయోగం పెట్టాడు. ఎడమ చెయ్యి నడుముకి కట్టేయమని భార్యకి తువ్వాలిచ్చాడు. ఎత్తకుండా, తొయ్యకుండా, భుజం తగలనివ్వకుండా, మామూలు మనిషిలా పదకొండు తలుపులూ తెరిచి చూడాలి. కట్టడమంటే కట్టడమా, ఆవిడ ఇంత సంతోషంగా ఆయనకి ఎప్పుడూ ఏ సాయమూ చేసి ఉండదు. పదకొండింట్లో ఏడు కదల్లేదు. వంటింట్లో చిక్కుకుపోయి పావుగంట కిటికీలోంచి పక్కింటివాళ్ళతో కుశల ప్రశ్నలు వేస్తూ గడిపాడు. చివరికి భార్యే అవతల్నుంచి తలుపుని తన్ని తీసింది.

"ఏడు" అన్నాడు.

"నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్నిగా" అంది ఆవిడ తువ్వాలు విప్పుతూ. తర్వాత ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆఫీసు సంగతా?"

ఆయన నిన్నటి కారు సంగతి చెప్పాడు. ఆ గుటుక్కు సంగతీ చెప్పాడు. టిక్కు పెట్టిన గడి సంగతీ చెప్పాడు. ఆ వెనక సీట్లో రేపు ఎవరి పిల్లలు కూర్చుంటారో తెలీదు. తలుపు తనకి వచ్చింది కాబట్టి మామూలుగా అని రాసేశాడు. ఇప్పుడు కాదంటే ఇరవయ్యారేళ్ళ పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది. పేరొక్కటేనా, ఉద్యోగమూ కలవొచ్చు.

భార్య తువ్వాలు మడతపెట్టింది. "నేనైతే ఆ తలుపు తియ్యగలనా?" అని మాత్రం అడిగింది.

"తియ్యలేవు."

"అయితే ఇంకేం, వెళ్ళి చెప్పండి."

సోమవారం పొద్దున షెడ్డులో పెద్ద మేడమ్ కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటోంది. నివేదిక బల్ల మీదే ఉంది, ఆవిడ సంతకం ఒక్కటే తరువాయి. కంపెనీ మనిషి కొత్త టైతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, ఆ ఎడమ వెనక తలుపు మామూలుగా రాలేదు" అన్నాడు తాళంచెవి.

"మీరే కదా రాశారు."

"నేనే రాశాను. తప్పు రాశాను."

కంపెనీ మనిషి కుర్చీ ముందుకి జరిపాడు. "అదేంటండీ, నా కళ్ళముందే తీశారు. గడి నింపారు. సంతకం చేశారు. ఇప్పుడొచ్చి కాదంటే ఎలా?"

"తీసింది నేను సార్. ఇంకొకరైతే తియ్యలేరు."

"మరి ఇన్నేళ్ళూ తీసింది మీరే కదా."

"అదేనండీ నా భయం."

పెద్ద మేడమ్ నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించి పెట్టుకుంది, అంటే విషయం ముదిరిందని అందరికీ అర్థమైంది. షెడ్డు గోడ మీద ఎప్పుడూ తిరుగుతుండే ఒక మామూలు కెమెరా ఉంది. దాంట్లోంచి శనివారం నాటి ఫిల్ము తీయించింది. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు.

తాళంచెవి మొదటిసారి తన్ను తాను చూసుకున్నాడు. తెర మీది మనిషి కుడిచేత్తో పిడి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఊరికే ఆనించినట్టు పైకప్పు అంచు మీద వాలింది. మేడమ్ ఫిల్ముని నెమ్మదిగా నడిపించింది. ఆ ఎడమ చెయ్యి అంచుని అవతలికి తోసింది. కుడి బొటనవేలు పిడి కింద దూరి తలుపుని పైకెత్తింది. మోకాలు కింది గుమ్మానికి తగిలింది. నడుము కొంచెం తిరిగింది. అప్పుడు తలుపు వచ్చింది. అంతా కలిపి ఒక్క ఊపిరి. నాలుగు దొంగపనులు. ఇంత నాజూకుగా జేబు కొట్టేవాడుంటే మనం వాడికి థాంక్స్ చెప్పి ఇంటికి వెళ్ళిపోతాం.

"ఒక్క చెయ్యే అనుకున్నాను మేడమ్" అన్నాడు ఆయన.

"నేనూ అలాగే అనుకున్నాను" అంది ఆవిడ. "పక్కనే నిలబడి ఎన్నేళ్ళుగా చూశానో. ఎంత బాగా తీస్తారో అనుకున్నాను తప్ప ఏం తీస్తున్నారో చూడలేదు. ఇందులో సగం తప్పు నాది."

తెరిచిన తలుపుని మళ్ళీ మూసి పరీక్షించి లాభం లేదు. వంగినది ఒకసారి కదిలాక అది వేరే తలుపు. అదే రకం కారు ఇంకొకటి షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఉంది. దాన్నీ గుద్దించాలంది మేడమ్. కంపెనీ మనిషి టై వదులు చేసుకున్నాడు.

"మరి ఈసారి తలుపు తీసేదెవరు?"

అక్కడే వచ్చింది అసలు చిక్కు. తాళంచెవి పనికిరాడు. సరే, ఆయన దగ్గర పనిచేసే మెకానిక్కులిద్దరూ ఉన్నారుగా అంటే, వాళ్ళకి పని నేర్పింది ఆయనే. ఖాళీ కారు తలుపు తీయించి చూస్తే ఇద్దరి ఎడమ చేతులూ బుద్ధిగా వెళ్ళి పైకప్పు మీద వాలాయి. కొత్తల్లుడికి బట్టలు వేసే ఆవిడ, కెమెరాలు చూసేవాళ్ళు, గేటు దగ్గర కాపలా ఉండే ఆయన, అందరూ ఇన్నేళ్ళుగా ఆయన్ని చూసి చూసి తెలీకుండానే మోకాలు ముందుకి పెడుతున్నారు. గేటు కాపలా ఆయనైతే నడుము కూడా తిప్పాడు. షెడ్డు మొత్తానికి అంటువ్యాధిలా పాకింది.

"మనకి కావలసింది తలుపులు తియ్యడం రాని మనిషి" అంది మేడమ్. "బలం మామూలుగా ఉండాలి. తెలివి తలుపుల దాకా రాకూడదు. ఇలాంటి మనిషిని ఎక్కడ వెతకాలి?"

తాళంచెవి మీసం సవరించుకోలేదు. "మా బామ్మర్ది ఉన్నాడు మేడమ్" అన్నాడు.

రెండో కారు తయారయ్యాక బామ్మర్ది లైబ్రరీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హెల్మెట్టు, చేతితొడుగులు ఇచ్చారు. హెల్మెట్టు బద్దీ పెట్టుకోవడానికే ఇద్దరు సాయం పట్టారు. అది చూసి మేడమ్ మొహం వెలిగిపోయింది.

"బావా, నేనేం చెయ్యాలి?"

"చెప్పను."

"చెప్పకపోతే ఎలా? పిడి పైకెత్తాలా, మోకాలు—"

"అది మర్చిపో. స్నానాలగది మర్చిపో. రోడ్డు మీద నడుస్తున్నావు, ఎదురుగా కారు గుద్దుకుంది, లోపల ఎవరో ఉన్నారు. అంతే."

"లోపల ఎవరున్నారు?"

"కొత్తల్లుడు."

"ఎవరి అల్లుడు?"

"వెళ్ళరా బాబూ."

సైరన్ మోగింది. కారు వెళ్ళి పడింది. పొడి లేచింది. బామ్మర్ది ఆ చప్పుడుకి రెండు అడుగులు వెనక్కి వేసి, మళ్ళీ మూడు అడుగులు ముందుకి వేసి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు తలుపులు తీశాడు. కుడి వెనక తలుపు తీశాడు. ఎడమ వెనక తలుపు పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారి లాగేటప్పుడు అతని మెడలో నరాలు కనబడ్డాయి. తలుపు మాత్రం అతన్ని చూడనట్టే ఉంది.

పసుపు గీత అవతల తాళంచెవి చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడ్డాడు. కుడి చెయ్యి ఎడమ చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని ఉంది. అక్కడ నిలబడ్డా ఆయనకి తెలుస్తూనే ఉంది, ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ తొయ్యాలో. ఒక్క మాట అంటే చాలు. పంటి బిగువున ఊరుకున్నాడు.

"రావట్లేదు బావా" అన్నాడు బామ్మర్ది, ఏదో నేరం చేసినట్టు.

బీరువా అడుగునుంచి గొడుగూ క్యాలెండరూ తీసి పక్కన పెట్టి స్ప్రింగు తక్కెడ పట్టుకొచ్చారు. ముల్లు చివరిదాకా పోయి ఆగింది, తలుపు కదల్లేదు. ఆఖరికి ఇనపరాడ్డు పెట్టి తీయాల్సొచ్చింది. కాగితం మీద మూడో గడిలో మేడమ్ స్వయంగా టిక్కు పెట్టింది. కంపెనీ మనిషి వెళ్ళి ఆ తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు చట్రంలో వంగిపోయిన ఉక్కు స్తంభం మీద వేలితో రాస్తూ చాలాసేపు ఉండిపోయాడు. లేచేటప్పటికి ఫ్యాంటు నిండా తెల్ల పొడి.

"మాకు ఇద్దరు పిల్లలండీ" అన్నాడు తాళంచెవితో. "మొదటి బండి మా ఇంటికే తీసుకెళ్దామనుకున్నాను."

ఆ తర్వాత పాత ఫిల్ములన్నీ తీశారు. తాళంచెవే తెర ముందు కూర్చుని, ప్రతి తలుపు దగ్గరా తన ఎడమ చేతిని తనే పట్టించాడు. దొంగా ఆయనే, పోలీసూ ఆయనే. పదకొండు రకాల కార్ల తలుపుల మీద ఆ చెయ్యి పనిచేసిందని తేలింది. ఆ కంపెనీలన్నింటికీ మేడమ్ ఉత్తరాలు రాసింది, కింద తన సంతకం పక్కన ఆయన సంతకమూ పెట్టించింది. ఉద్యోగం పోలేదు, మారింది. ఇప్పుడు ఆయన తలుపులు తియ్యడు. తీసేవాళ్ళని చూస్తాడు. ఎవరి చెయ్యైనా ఊరికే ఆనించినట్టు పైకప్పు వైపు పోయిందంటే చాలు, వాళ్ళని ఆ పనిలోంచి తప్పిస్తాడు. పని వచ్చేసిందని పనిలోంచి తీసేసే చోటు లోకంలో అదొక్కటే అయ్యుండాలి. తప్పించినవాళ్ళు బాధపడకుండా ఆయన ఓ మాట చెబుతాడు: "నీకు చెయ్యి తిరిగింది. ఇంటికెళ్ళి ఫ్రిజ్జు తీసుకో."

ఇంట్లో వడ్రంగి నాలుగు రోజులు పనిచేశాడు. ఇప్పుడు పదకొండు తలుపులూ ఎవరు ముట్టుకున్నా వస్తాయి. భార్యకి సుఖంగానే ఉంది కానీ, ఆయన మాత్రం అలవాటు చొప్పున వంటింటి తలుపుకి భుజం తగిలించి రెండుసార్లు స్టవ్వు దాకా వెళ్ళిపోయాడు.

ఏడు నెలల తర్వాత ముదురాకుపచ్చ కారు మళ్ళీ వచ్చింది. ఆ వెనక తలుపు పక్క స్తంభం లోపల ఇంకో ఉక్కు పట్టీ వేశారు, తాళం ఉన్న చోటు మార్చారు. షెడ్డులో ఇంకా పనికొచ్చే చెయ్యి బామ్మర్దిదే, ఎందుకంటే ఏడు నెలల్లో అతను ఏమీ నేర్చుకోలేదు. దేవుడిచ్చిన వరం అది, దాన్ని ఎవరూ చెడగొట్టలేరు. సైరన్ మోగింది, కారు వెళ్ళి దిమ్మ మీద పడింది. దిమ్మ అయ్యో అందట. బామ్మర్ది ఎడమ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి చిటికెన వేలు పెట్టగానే తలుపు సీతాకోకచిలుక రెక్కలా విచ్చుకుందనీ, ఆ గాలికి అద్దాల గదిలో కంపెనీ మనిషి టై ఎగిరిందనీ, తాళంచెవి పసుపు గీత అవతల్నుంచి ఒక్క గెంతులో వచ్చి బామ్మర్దిని భుజాల మీద ఎత్తుకుని షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడనీ, కొత్తల్లుడు కూడా తల తిప్పి చూశాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా రాసి తాళంచెవికి చదివి వినిపిస్తే, ఆయన చివరిదాకా కదలకుండా విని ఇలా అన్నాడు:

"చిటికెన వేలు కాదు. చెయ్యి మొత్తం పెట్టి లాగాడు, గట్టిగానే లాగాడు. మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. కాగితంలో అలాగే రాశాం."